గుండె జబ్బుల పరిశోధకుల పేపర్లు, సైటేషన్లు: లెక్క సరిగ్గా తేల్చడం ఎలా

ఒక కార్డియాలజీ పరిశోధకుడి బయోడేటాలో పేపర్లు 140, సైటేషన్లు 9,000, హెచ్-ఇండెక్స్ 38 అని రాసి ఉందనుకోండి. సైటేషన్ అంటే ఇంకో పేపర్ ఆయన పేపర్‌ను ప్రస్తావించడం. హెచ్ 38 అంటే కనీసం 38 సైటేషన్లున్న పేపర్లు 38 ఉన్నాయని. మూడూ నిజమే కావచ్చు. అయినా ఆయన స్వయంగా ఏం కనిపెట్టాడో, ఆ పని వల్ల వైద్యంలో ఏం మారిందో వాటి నుంచి తెలియదు. వందల మంది రచయితలుండే అంతర్జాతీయ ట్రయల్స్, ఏటా వచ్చే గణాంక నివేదికలు, ఒకేసారి రెండు జర్నళ్లలో అచ్చయ్యే గైడ్‌లైన్లు ఈ రంగంలో మామూలు. వీటన్నిటి సైటేషన్లూ ఒకే కుప్పలో పడతాయి.

మీరు సెలక్షన్ కమిటీలో ఉన్నా, మెడికల్ కాలేజీ లైబ్రేరియన్ అయినా, గైడ్‌ను వెతుక్కుంటున్న పీహెచ్‌డీ విద్యార్థి అయినా పని ఈ వరసలోనే చేయండి. ముందు ఆ పేపర్లు ఆ మనిషివేనా అన్నది తేల్చుకోండి. తర్వాత వాటిలో ఆయన పాత్ర ఎంతో చూడండి. అంకెల జోలికి ఆ తర్వాతే వెళ్లండి. చివరగా, ఆ పేపర్లను సైట్ చేసినవాళ్లు వాటిని దేనికి వాడుకున్నారో చదవండి. చాలామంది మూడో మెట్టుతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు.

పేరుతోనే మొదటి చిక్కు

వైద్య పేపర్ల ఉచిత డేటాబేస్ పబ్‌మెడ్‌లో రచయిత పేరును సర్‌నేమ్, తర్వాత పొడి అక్షరాలు అనే పద్ధతిలో వెతుకుతాం. తెలుగు పేర్లకు ఈ పద్ధతి సరిపడదు. మన ఇంటిపేరు ముందు వస్తుంది, జర్నల్ వాళ్లు చివరి మాటను సర్‌నేమ్‌గా తీసుకుంటారు. ఇంటిపేరు పొడి అక్షరం జి, పేరు వెంకట సుబ్బారావు అయిన ఒక డాక్టరు ఒక జర్నల్లో 'రావు జి వి ఎస్' అవుతాడు, ఇంకోచోట 'సుబ్బారావు జి వి', మరోచోట 'వెంకట సుబ్బారావు జి'. ఇంటిపేరు పూర్తిగా రాసిన పేపర్లో నాలుగో రూపం పుడుతుంది. ఉస్మానియా మెడికల్ కాలేజీలో చదివి, ఎయిమ్స్‌లో కార్డియాలజీ విభాగాన్ని నడిపిన డాక్టర్ కె. శ్రీనాథ్ రెడ్డి పేరు కూడా రిఫరెన్సుల్లో కొన్నిచోట్ల 'రెడ్డి కె ఎస్' అని, కొన్నిచోట్ల 'శ్రీనాథ్ రెడ్డి కె' అని కనిపిస్తుంది. ఒకే రూపంతో వెతికితే సగం పని చేతికి రాదు. మరోవైపు 'రెడ్డి కె ఎస్' అని కొడితే ఆ పొడి అక్షరాలున్న ఇతర రెడ్లందరి పేపర్లూ వచ్చి పడతాయి.

కాబట్టి వెతకడానికి ముందే కాగితం మీద పేరు రూపాలన్నీ రాసుకోండి. ఇంగ్లీషు స్పెల్లింగులూ చేర్చండి: లక్ష్మికి రెండు మూడు, చౌదరికి నాలుగైదు, సుబ్బారావుకు కలిపి రాసేది, విడదీసి రాసేది. భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు తన పేరు చివర 'ఓ డబ్ల్యూ' అని రాసేవారు. 'ఏ ఓ' అని వెతికితే ఆయన పేపర్లు దొరకవు. పెళ్లయ్యాక సర్‌నేమ్ మార్చుకున్న పరిశోధకురాలైతే పాత పేరు కూడా కావాలి.

ఒక్కో రూపంతో వచ్చిన ఫలితాలను సంస్థ, సహ రచయితలు, విషయం అనే మూడు ఆనవాళ్లతో వడకట్టండి. మూడింటిలో రెండు కలిస్తే ఉంచండి, ఒక్కటే కలిస్తే పేపర్ తెరిచి చూడండి. సంస్థ పేరు మీద మాత్రమే ఆధారపడితే దెబ్బతింటారు. పబ్‌మెడ్ 1988 నుంచి మొదటి రచయిత చిరునామా ఒక్కటే ఇచ్చేది. మిగతావాళ్ల చిరునామాలు కూడా ఇవ్వడం 2014 ప్రాంతంలో మొదలైంది. 2005లో ఒక పేపర్లో మీ మనిషి నాలుగో రచయిత అయితే, ఆయన ఆస్పత్రి పేరుతో వెతికినా అది రాదు. పాత ట్రయల్స్‌లో ఇంకో గొయ్యి ఉంది. 1984 నుంచి 1995 వరకు పబ్‌మెడ్ రికార్డుల్లో మొదటి పది మంది రచయితల పేర్లే ఎక్కించారు. 1996 నుంచి 1999 వరకు ఆ పరిమితి 25. ఆ కాలపు పెద్ద కార్డియాలజీ ట్రయల్‌లో పదకొండో రచయితను పట్టుకోవాలంటే జర్నల్ పేజీకే వెళ్లాలి.

ఓర్కిడ్ నంబరు ఉంటే పని తేలిక. ఇది 16 స్థానాల గుర్తింపు సంఖ్య, చివరి స్థానంలో అంకెకు బదులు ఎక్స్ ఉండవచ్చు. అయితే ఓర్కిడ్ పేజీలో ఉన్నదంతా తనిఖీ అయినట్టు కాదు. ప్రతి పేపర్ కింద 'సోర్స్' అని ఉంటుంది. అక్కడ క్రాస్‌రెఫ్ వంటి సంస్థ పేరు ఉంటే అది ప్రచురణకర్త ద్వారా వచ్చింది, పరిశోధకుడి పేరే ఉంటే ఆయన స్వయంగా చేర్చుకున్నది. రెండో రకానికి డీఓఐ (పేపర్ శాశ్వత లింకు) నొక్కి పేపర్ తెరుచుకుంటుందో లేదో, రచయితల్లో ఆయన పేరుందో లేదో చూడండి.

ఏ డేటాబేస్ దేన్ని లెక్కపెడుతుందో తెలుసుకోండి

ఒకే మనిషికి గూగుల్ స్కాలర్‌లో ఒక హెచ్-ఇండెక్స్, స్కోపస్‌లో ఇంకొకటి, వెబ్ ఆఫ్ సైన్స్‌లో మరొకటి ఉంటుంది. ఎవరూ మోసం చేయనక్కర్లేదు, మూడూ వేర్వేరు వాటిని లెక్కపెడతాయి. స్కాలర్ ప్రీప్రింట్లు (జర్నల్ సమీక్షకు ముందే బయటపెట్టే పేపర్లు), థీసిస్‌లు, పుస్తకాలు కూడా పట్టుకుంటుంది కనుక దాని అంకె మామూలుగా అన్నిటికంటే పెద్దది. బయోడేటాల్లో అదే ఎక్కువగా కనిపించడానికి కారణమూ అదే. స్కాలర్ ప్రొఫైల్లో కొత్త పేపర్లు వాటంతటవే చేరే ఏర్పాటు ఉంది. దాన్ని అలాగే వదిలేస్తే అదే పేరున్న ఇంకొకరి పేపర్లు వచ్చి కూర్చుంటాయి. గుండె పరిశోధకుడి ప్రొఫైల్లో వరి వంగడాల మీదో కాంక్రీటు బలం మీదో పేపర్ కనిపిస్తే కారణం చాలాసార్లు ఇదే.

స్కోపస్‌కు చందా కట్టకపోయినా ఉచిత ప్రివ్యూలో రచయిత ప్రొఫైల్, పేపర్ల సంఖ్య, హెచ్-ఇండెక్స్ కనిపిస్తాయి. దాని బలహీనత పాత కాలం. 1970కి ముందు వచ్చిన పేపర్లలోని రిఫరెన్సులు అందులో దాదాపు ఉండవు. తొలితరం పరిశోధకులను దానితో కొలిస్తే తక్కువ చూపిస్తుంది. వెబ్ ఆఫ్ సైన్స్‌లో జాగ్రత్తపడాల్సింది మీటింగ్ ఆబ్‌స్ట్రాక్టుల విషయంలో. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సమావేశాల్లో పోస్టరు పెట్టిన ప్రతి పని సారాంశమూ 'సర్క్యులేషన్' జర్నల్ అనుబంధ సంచికలో అచ్చవుతుంది, వెబ్ ఆఫ్ సైన్స్ దాన్ని కూడా ఒక రికార్డుగా చూపిస్తుంది. స్కోపస్ వీటిని తీసుకోదు. ఒకరికి వెబ్ ఆఫ్ సైన్స్‌లో 200, స్కోపస్‌లో 90 ఉంటే ముందు అనుమానించాల్సింది వీటినే. డాక్యుమెంట్ రకాల్లో 'ఆర్టికల్', 'రివ్యూ' మాత్రమే ఉంచి మళ్లీ లెక్కపెట్టండి. ఆబ్‌స్ట్రాక్ట్ పూర్తి పేపర్‌గా ఎదగకపోతే దాన్ని ప్రచురణగా లెక్కేయకూడదు. 'సర్క్యులేషన్‌లో ప్రచురణ' అని రాసుకున్నా అంతే.

ఒకే డేటాబేస్ ఎంచుకుని, చివరిదాకా దానితోనే పనిచేయండి. ఇద్దరిని పోల్చేటప్పుడు ఒకరి అంకె స్కాలర్ నుంచి, మరొకరిది స్కోపస్ నుంచి తీసుకుంటే ఆ పోలిక పనికిరాదు. తెరిచిన తేదీ కూడా రాసుకోండి.

పట్టిక వేయండి

పబ్‌మెడ్‌లో వడకట్టిన ఫలితాలను సీఎస్‌వీ ఫైలుగా దించుకోవచ్చు. శీర్షిక, రచయితలు, జర్నల్, సంవత్సరం, పీఎంఐడీ (పబ్‌మెడ్ ఇచ్చే పేపర్ నంబరు), డీఓఐ అందులో వస్తాయి. దానికి మీరు ఐదు గడులు చేర్చండి: సైటేషన్ల సంఖ్య, మొత్తం రచయితలు ఎంతమంది, ఈయన ఎన్నోవాడు, కరస్పాండింగ్ ఆథర్ (పేపర్ గురించి సంప్రదించాల్సిన రచయిత) అవునా కాదా, పేపర్ రకం. రకం అంటే సొంత డేటాతో చేసిన అధ్యయనమా, రివ్యూనా, గైడ్‌లైనా, గణాంక నివేదికా, కేసు రిపోర్టా అని.

ఈ పట్టికే అసలు పని, ఇక్కడ తొందరపడకండి. 'ఎన్నోవాడు' గడి నింపుతుంటేనే రికార్డు ఆకారం బయటపడుతుంది. వైద్య పరిశోధనలో మామూలుగా మొదటి పేరు పని ఎక్కువగా చేసిన వారిది, చివరి పేరు ఆ జట్టును నడిపించిన వారిది. ఒకరి కెరీర్ బాగా సాగితే తొలి ఏళ్లలో మొదటి స్థానాలు, తర్వాత మెల్లగా చివరి స్థానాలు ఎక్కువవుతాయి. 20 ఏళ్ల రికార్డులో అన్నీ మధ్య స్థానాలే ఉంటే అడగాల్సిన ప్రశ్న అడగండి. జవాబు మంచిదే కావచ్చు. బయోస్టాటిస్టీషియన్లు, ట్రయల్‌లోని గుండె స్కాన్లన్నీ ఒకేచోట చదివే ఎకో కోర్ ల్యాబ్ నడిపేవాళ్లు నిజంగా కష్టపడి కూడా ఎప్పుడూ మధ్యలోనే ఉంటారు. చాలా జర్నళ్లు ఇప్పుడు పేపర్ చివర ఎవరు ఏం చేశారో అచ్చువేస్తున్నాయి. ఇందుకు 14 పాత్రలతో క్రెడిట్ అనే వర్గీకరణ ఉంది. మధ్య స్థానపు పేపర్లకు అది తప్పక చదవండి.

పెద్ద ట్రయల్స్‌లో 'ఫలానా ఇన్వెస్టిగేటర్ల తరఫున' అని ఉంటుంది. శీర్షిక కింద పేరున్నవాళ్లు రచయితలు. అనుబంధంలో కేంద్రాల వారీగా పేర్లున్నవాళ్లు కొలాబరేటర్లు. పబ్‌మెడ్ 2008 నుంచి వీళ్లను విడిగా చూపిస్తోంది. 2004లో 'లాన్సెట్'లో వచ్చిన ఇంటర్‌హార్ట్ అనే గుండెపోటు అధ్యయనం 52 దేశాల్లో జరిగింది, దాని వెనుక వందల మంది డాక్టర్లున్నారు. రోగులను చేర్చి, ఫారాలు నింపి, ఫాలో-అప్ చేసిన కొలాబరేటర్ గర్వంగా రాసుకోదగిన పనే చేశాడు. అయితే దాన్ని 'ట్రయల్స్‌లో భాగస్వామ్యం' అనే శీర్షిక కింద రాయాలి, రచయితగా కాదు. మీ పట్టికలో కూడా ఈ రెండూ కలవకూడదు.

అంకెలు వేసే పద్ధతి

హెచ్-ఇండెక్స్‌ను 2005లో భౌతికశాస్త్రవేత్త హోర్హే హిర్ష్ ప్రతిపాదించాడు. పేపర్లను సైటేషన్ల ప్రకారం పెద్ద నుంచి చిన్నకు పేర్చి, వరస సంఖ్య కంటే సైటేషన్లు తగ్గిపోయే చోటికి ముందున్న సంఖ్యే హెచ్. ఊహించిన ఒక ఉదాహరణ చూడండి. పదకొండు పేపర్లకు సైటేషన్లు ఇవి: 310, 95, 60, 41, 22, 14, 9, 7, 5, 2, 0. ఏడో పేపర్‌కు 9 ఉన్నాయి, ఎనిమిదోదానికి 7 మాత్రమే. కాబట్టి హెచ్ 7. పదీ అంతకు మించి ఉన్నవి ఆరు కనుక ఐ10 సూచిక 6. మొత్తం 565, సగటు 51.

ఇప్పుడు పట్టిక చూడండి. 310 సైటేషన్ల పేపర్లో 48 మంది రచయితలు, ఈయన 23వ వాడు. దాన్ని తీసేయండి. మొత్తం 255కు పడిపోతుంది, అంటే సగానికి పైగా పోయింది. హెచ్ మాత్రం 7 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే ఏడో స్థానంలోకి వచ్చిన పేపర్‌కు సరిగ్గా 7 ఉన్నాయి. మొత్తం సైటేషన్లు ఒక్క పెద్ద పేపర్‌తో ఊగిపోతాయి, హెచ్ కదలదు. అదే కారణంగా నిజంగా గొప్ప పేపర్ రాసినవాడికి కూడా హెచ్ అదనంగా ఏమీ ఇవ్వదు, వేల సైటేషన్లున్నా అది ఒకటే. అందుకని రెండూ వేసి, పక్కనే మధ్యస్థం కూడా రాయండి. పై వరసలో ఆరో అంకె, అంటే 14. సగటు 51కీ మధ్యస్థం 14కీ ఉన్న దూరమే రికార్డు ఒక్క పేపర్ మీద ఎంత ఆధారపడి ఉందో చెబుతుంది.

తర్వాత మొదటి, చివరి స్థానాల పేపర్లను విడదీసి మళ్లీ వేయండి. ఆయన ఆ స్థానాల్లో ఉన్నవి 60, 22, 14, 9, 5 సైటేషన్లున్న ఐదు పేపర్లనుకుంటే హెచ్ 5, మొత్తం 110. కమిటీ ముందు పెట్టడానికి 565 కంటే ఈ 110 ఎక్కువ నిజాయతీ గల అంకె. స్కోపస్‌లో సెల్ఫ్ సైటేషన్లను తీసేసి చూసే వీలుంది, అది కూడా ఒకసారి నొక్కండి. తన ముందు పనిని తాను సైట్ చేయడం తప్పేమీ కాదు. తీసేశాక హెచ్ బాగా పడిపోతే మాత్రం ఆ పేపర్లు తెరిచి చూడాలి.

హెచ్ ఎప్పటికీ తగ్గదు, వయసుతో పెరుగుతుంది. 12 ఏళ్ల కెరీర్‌ను 35 ఏళ్ల కెరీర్‌తో దానితో పోల్చకండి. మొదటి పేపర్ నుంచి గడిచిన ఏళ్లతో హెచ్‌ను భాగించవచ్చు, పై ఉదాహరణలో 12 ఏళ్లైతే 0.58. ఇది కూడా మోటు కొలతే, పిల్లల కోసమో జిల్లా ఆస్పత్రి ఉద్యోగం వల్లో ఆగిన ఏళ్లను అది చూడదు. ఇంతకంటే మెరుగైన సాధనం అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ వారి ఐసైట్, అది ఉచితం. మీ పీఎంఐడీలన్నీ అందులో అతికించండి. ప్రతి పేపర్‌కు రిలేటివ్ సైటేషన్ రేషియో ఇస్తుంది. 1.0 అంటే అదే రంగంలో, అదే కాలంలో ఎన్ఐహెచ్ నిధులతో వచ్చిన పేపర్ల మధ్యస్థంతో సమానం. గుండె కండర కణాల మీద ల్యాబ్ పని చేసేవారిని, రక్తపోటు సర్వేలు చేసేవారిని ఒకే కొలతతో కొలిస్తే జరిగే అన్యాయాన్ని ఇది చాలావరకు తగ్గిస్తుంది. ఒకటి రెండేళ్ల లోపు పేపర్ల రేషియోను పట్టించుకోకండి, అది ఇంకా కుదురుకోదు.

గైడ్‌లైన్లు, గణాంక నివేదికలను మాత్రం పూర్తిగా వేరే వరసలో పెట్టండి. 2017 అమెరికన్ రక్తపోటు గైడ్‌లైన్ 'హైపర్‌టెన్షన్'లోనూ, అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ జర్నల్లోనూ అచ్చయింది. రెండింటికీ విడివిడిగా వేల సైటేషన్లు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ గుండె జబ్బుల గణాంక నివేదిక ఏటా 'సర్క్యులేషన్'లో వస్తుంది, ప్రతి ఏడాదిదీ ఒక కొత్త పేపరే. ఇలాంటి కమిటీల్లో చోటు దక్కడం గౌరవమే. ఆ సైటేషన్లు మాత్రం ఆ సంస్థవి.

రిట్రాక్షన్ తనిఖీ వదలకండి

మొత్తం పట్టికను రిఫరెన్సులు దాచుకునే జొటేరో సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే, ఉపసంహరించిన పేపర్లను నమోదుచేసే రిట్రాక్షన్ వాచ్ జాబితాలో ఉన్న పేపర్ మీద ఎర్ర హెచ్చరిక వస్తుంది. పబ్‌మెడ్ రికార్డు పైభాగంలో కూడా గుర్తు ఉంటుంది. ఉపసంహరించిన పేపర్ సైటేషన్లు ఎక్కడికీ పోవు, లెక్కలో అలాగే ఉంటాయి, పైగా పెరుగుతూనే ఉంటాయి. 2020లో సర్జిస్ఫియర్ అనే కంపెనీ డేటా మీద కట్టిన కోవిడ్-గుండె జబ్బుల పేపర్‌ను 'న్యూ ఇంగ్లండ్ జర్నల్' దాదాపు ఐదు వారాల్లోనే వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత కూడా దాన్ని సైట్ చేసినవారున్నారు.

ప్రతి రిట్రాక్షనూ మోసం కాదు, కారణం చదవండి. మధ్యధరా ఆహారం మీద 2013లో వచ్చిన ప్రెడిమెడ్ ట్రయల్‌ను రాండమైజేషన్ (పాల్గొనేవారిని లాటరీలా జట్లుగా పంచడం) లోపాల వల్ల 2018లో వెనక్కి తీసుకుని, సరిదిద్దిన విశ్లేషణతో అదే జర్నల్ మళ్లీ ప్రచురించింది. సైటేషన్లు రెండు రికార్డుల మధ్య చీలి ఉంటాయి.

సైట్ చేసినవాళ్లు ఏమన్నారో చదవండి

అంకెలు అయ్యాక, మొదటి లేదా చివరి స్థానంలో ఉన్న ఐదు ముఖ్యమైన పేపర్లు తీసుకోండి. ఒక్కోదాన్ని సైట్ చేసినవాటిలో 20 పేపర్లు తెరవండి. కొత్తవే కాకుండా అన్ని ఏళ్ల నుంచీ తీసుకోండి. ఆ రిఫరెన్స్ నంబరు ఏ వాక్యంలో పడిందో వెతకండి. నాలుగు రకాలుగా గుర్తుపెట్టండి: ఉపోద్ఘాతంలో ఊరికే పేరు చెప్పారు, పద్ధతిని వాడుకున్నారు, ఫలితాన్ని తమ ఫలితంతో పోల్చారు, తప్పుపట్టారు. 'భారతదేశంలో గుండె జబ్బులు పెరుగుతున్నాయి' అనే వాక్యం చివర పడే సైటేషన్‌కూ, ఒక మందు మోతాదును నిర్ణయించిన సైటేషన్‌కూ సూచికల్లో తేడా లేదు. మీ నివేదికలో ఉండాలి.

పద్ధతి పేపర్ల విషయంలో రెండు వైపులా జాగ్రత్త కావాలి. యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రచురించిన ఫాస్ఫరస్ కొలత పద్ధతి దశాబ్దాల పాటు ల్యాబ్‌లకు ఆధారమై, వేలాది సైటేషన్లు పొందింది. అలాంటి పేపర్‌ను 'పద్ధతే కదా' అని తీసిపారేయడం అన్యాయం. మరీ స్థిరపడిన పద్ధతిని జనం సైట్ చేయడం మానేస్తారు కూడా. మొత్తం కొలెస్టరాల్ నుంచి హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతు తీసేసి ఎల్‌డీఎల్ లెక్కకట్టే ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం 1972 నాటిది. మన వీధి చివరి ల్యాబ్ రిపోర్టులో కూడా అది ఉంటుంది, ఏ సైటేషనూ లేకుండా.

ఆ తర్వాత గైడ్‌లైన్లు తెరవండి. ఐసైట్ 'క్లినికల్ సైటేషన్లు' అని విడిగా చూపిస్తుంది, అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. యూరోపియన్, అమెరికన్ గైడ్‌లైన్లలో ప్రతి సిఫార్సుకూ ఒకటి నుంచి మూడు దాకా తరగతి, ఏ, బీ, సీ అనే ఆధార స్థాయి ఉంటాయి. మీ పరిశోధకుడి పేపర్ ఏ సిఫార్సు కింద రిఫరెన్స్‌గా ఉందో, దాని తరగతి ఏమిటో రాయండి. గుండె శాస్త్రంలో ప్రభావం అంటే ఇదే, రోగి మంచం దగ్గర నిర్ణయం మారడం.

ఆ ప్రభావం చెడ్డదీ కావచ్చు. నెదర్లాండ్స్‌లోని ఎరాస్మస్ వైద్య కేంద్రం నుంచి వచ్చిన డిక్రీజ్ ట్రయల్స్ ఆపరేషన్‌కు ముందు బీటా బ్లాకర్లు (గుండె వేగం తగ్గించే మందులు) మొదలుపెట్టమన్న సిఫార్సులకు ఆధారమయ్యాయి. 2011లో వాటి డేటా మీద నమ్మకం పోయింది. ఆ ట్రయల్స్‌ను పక్కనపెట్టి మిగతావాటిని కలిపి 2014లో 'హార్ట్' జర్నల్లో చేసిన విశ్లేషణలో, అలా మందు మొదలుపెట్టినవారిలో మరణాల ముప్పు 27 శాతం ఎక్కువగా తేలింది. సైటేషన్ పట్టికలో ఆ పేపర్లు ఎంతో బలంగా కనిపించేవి. అందుకే ఒక పేపర్ ఫలితాన్ని సంబంధం లేని ఇంకో జట్టు తిరిగి సాధించిందా అన్న ప్రశ్నకు మీ నివేదికలో ఒక గడి ఉంచండి.

బయోడేటాలో కనిపించే కొన్ని మాటలు

'మొత్తం ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 212' అని కూడి రాస్తే దాన్ని కొట్టేయండి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ జర్నల్‌ది: గత రెండేళ్లలో అచ్చయిన వ్యాసాలకు ఈ ఏడాది సగటున ఎన్ని సైటేషన్లు వచ్చాయన్న లెక్క. మనుషులకు అది కూడదు. పరిశోధకులను ఆ అంకెతో తూచవద్దని 2012 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో డోరా ప్రకటన స్పష్టంగా కోరింది.

'పబ్‌మెడ్ ఇండెక్స్డ్' అన్న మాటను ఊరికే నమ్మకండి. నిధులిచ్చిన సంస్థ నియమం వల్ల ఒక్క వ్యాసం పూర్తి వ్యాసాలు ఉంచే పబ్‌మెడ్ సెంట్రల్‌లో చేరితే, ఆ జర్నల్ ఎంపిక చేసిన జర్నళ్ల ఇండెక్స్ అయిన మెడ్‌లైన్‌లో లేకపోయినా ఆ వ్యాసం పబ్‌మెడ్‌లో కనిపిస్తుంది. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం (ఎన్ఎల్ఎం) కేటలాగ్‌లో జర్నల్ పేరు కొట్టి, ప్రస్తుతం మెడ్‌లైన్‌లో ఉందో లేదో చూడండి. ప్రమోషన్ల కోసమైతే నోటిఫికేషన్ నాటికి అమల్లో ఉన్న నేషనల్ మెడికల్ కమిషన్ నియమాన్ని ముందు పెట్టుకోండి. ఏ ఇండెక్స్, ఏ రకం పేపర్, రచయితల వరసలో ఏ స్థానం అన్న షరతులు మారుతూ వచ్చాయి.

'స్టాన్‌ఫర్డ్ టాప్ 2 శాతం' అని మన పత్రికల్లో ఏటా వార్తలొస్తాయి. అది విశ్వవిద్యాలయం ఇచ్చే ర్యాంకు కాదు. అక్కడి ప్రొఫెసర్ జాన్ అయోనిడిస్ బృందం స్కోపస్ డేటాతో తయారుచేసే జాబితా. అందులో మొత్తం కెరీర్‌కు ఒకటి, ఒక్క ఏడాదికి ఒకటి విడివిడిగా ఉంటాయి. ఏ జాబితాయో అడగండి. దానికి ఒక మంచి గుణం ఉంది: ఒంటరి, మొదటి, చివరి స్థానాల పేపర్ల సైటేషన్లకు ప్రత్యేకంగా విలువ ఇస్తుంది, సెల్ఫ్ సైటేషన్లు తీసేసిన లెక్క కూడా ఇస్తుంది. ఫైలు ఎవరైనా దించుకోవచ్చు, ఆ వరసలోని గడులన్నీ చదవండి.

మీ రికార్డే అయితే

ఇక నుంచి ఒకే పేరు రూపం పెట్టుకోండి, పేపర్ పంపిన ప్రతిసారీ ఓర్కిడ్ ఇవ్వండి. స్కాలర్ సెట్టింగుల్లో కొత్త పేపర్లు చేరేముందు మెయిల్‌లో అడిగే ఏర్పాటు ఎంచుకోండి. ఒకే పేపర్ రెండుసార్లు ఉంటే రెండూ గుర్తుపెట్టి 'మెర్జ్' నొక్కండి. స్కోపస్‌లో మీ పేరుతో రెండు మూడు ప్రొఫైళ్లు ఉంటే ఆథర్ ఫీడ్‌బ్యాక్ విజార్డ్ ద్వారా కలపమని అడగాలి. దరఖాస్తు గడువు ముందు రోజు కాదు, నెలల ముందే చేయండి.

నివేదికలో ప్రతి అంకె పక్కన డేటాబేస్, తేదీ, తీసేసినవి రాయండి. ఇలా: 'హెచ్-ఇండెక్స్ 7, స్కోపస్, 3 మార్చి, ఆబ్‌స్ట్రాక్టులు, గైడ్‌లైన్లు మినహా, మొదటి, చివరి స్థానాలు మాత్రమే అయితే 5.' కింద డీఓఐల పూర్తి జాబితా జతచేయండి. ఎవరైనా అనుమానపడితే అదే జాబితాతో లెక్క మళ్లీ వేసుకోగలగాలి.